పోర్ట్ స్కాన్‌లను అడ్డుకుని లాగ్‌లో రాయించడం: మైక్రోటిక్ రూటర్‌తో ఎలా చేయాలి

మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి, నల్లగొండ కోచింగ్ సెంటర్ల నుంచి, జడ్చర్ల, వనపర్తి వైపు చిన్న ఆఫీసుల నుంచి తరచూ ఒకే ప్రశ్న వస్తోంది: “రూటర్ లాగ్‌లో ముక్కూ మొహం తెలియని ఐపీ చిరునామాలు కనిపిస్తున్నాయి. ఎవరో మా నెట్‌వర్క్‌ను తడిమి చూస్తున్నారు. వాళ్లను ఆపేదెలా? ఎవరు వచ్చారో రాసి ఉంచేదెలా?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. అడిగినవారిలో ఎక్కువమంది దగ్గర ఉన్నది మైక్రోటిక్ రూటర్ కాబట్టి దాని మీదే చెబుతాను. అది లేనివారికి విండోస్‌లో ఏం చేయవచ్చో చివర్లో ఉంది. కమాండ్లు టైప్ చేయాల్సిన పని లేదు, అంతా మౌస్‌తోనే అవుతుంది.

అవసరమైనంత సిద్ధాంతం ఇంతే. ప్రతి ఐపీ చిరునామాకూ టీసీపీలో (కంప్యూటర్లు డేటా పంపుకునే ప్రధాన పద్ధతి) 65,535 పోర్టులు, అంటే అంకెలు వేసిన తలుపులు ఉంటాయి. వాటిలో ఏది తెరిచి ఉందో వరుసగా తట్టి చూడటమే పోర్ట్ స్కాన్. మిమ్మల్ని ఎవరో గురిపెట్టారని దీని అర్థం కాదు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు తెచ్చిన జీమ్యాప్ అనే ప్రోగ్రామ్, మంచి వేగం ఉన్న ఒక్క కంప్యూటర్ నుంచి, 45 నిమిషాల లోపే ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 చిరునామాలన్నిటినీ ఒక పోర్టు మీద తట్టి రాగలదు. తట్టేవాడికి అది మిల్లో, కాలేజీయో తెలియదు. తెరిచి ఉన్న పోర్టు దొరికాకే అసలు దాడి మొదలవుతుంది. అందుకే తట్టేవాళ్లను నిషేధించడం కన్నా మీ దగ్గర ఏది తెరిచి ఉందో తెలుసుకుని మూయడం ముఖ్యం. కింది వరుస కూడా అలాగే పెట్టాను.

ముందు ఇది చూడండి

రూటర్‌లో “ఐపీ” మెనూ, “అడ్రసెస్” తెరిచి ఇంటర్నెట్ వైపు కనెక్షన్‌కు ఏ చిరునామా వచ్చిందో చూడండి. అది 10తోనో, 192.168తోనో, 172.16 నుంచి 172.31 మధ్యో, 100.64 నుంచి 100.127 మధ్యో మొదలైతే మీకు సొంత పబ్లిక్ చిరునామా లేదు. మీ ఆపరేటర్ ఒకే పబ్లిక్ చిరునామాను చాలామందికి పంచుతున్నారు. అప్పుడు బయటి ఇంటర్నెట్ స్కాన్లు మామూలుగా మీ రూటర్ దాకా రావు. అదే ఆపరేటర్ నెట్‌వర్క్‌లోని ఇతర కనెక్షన్ల నుంచి మాత్రం రావచ్చు. అమరిక అప్పుడూ పనికొస్తుంది, కానీ బయటి నుంచి చేసే పరీక్ష ఫలించదు. ఇది చూడకుండా మొదలుపెట్టి “రూల్ పనిచేయడం లేదు” అని తల పట్టుకునేవారు చాలామంది.

కావలసినవి

- మైక్రోటిక్ రూటర్, దాని అడ్మిన్ పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉంటే ముందు అడిగి తీసుకోండి, లేదా ఈ పని వారితోనే చేయించండి.
- విన్‌బాక్స్ (మైక్రోటిక్ అమరికలు మార్చే ప్రోగ్రామ్) ఉన్న కంప్యూటర్. రూటర్‌కు వైఫై ద్వారా కాకుండా కేబుల్‌తో కలపండి.
- పరీక్షకు మొబైల్ డేటా ఉన్న ఫోను, ఒక ల్యాప్‌టాప్.
- ఎవరూ నెట్ మీద ఆధారపడని గంట సమయం. యాసంగి ధాన్యం దిగుతూ, కాంటా దగ్గర లారీలు వరుసలో ఉన్న రోజున దీన్ని ముట్టుకోవద్దు.

విన్‌బాక్స్ కొత్త రూపంలో ట్యాబ్‌ల అమరిక కొంచెం మారింది. పేర్లు మాత్రం దాదాపు అవే.

అడుగులు

1. బ్యాకప్, తర్వాత సేఫ్ మోడ్. “ఫైల్స్” తెరిచి “బ్యాకప్” నొక్కండి. వచ్చిన ఫైలును కంప్యూటర్‌లోకి లాగి పెట్టుకోండి. తర్వాత పైన ఉన్న “సేఫ్ మోడ్” నొక్కండి. పొరపాటు రూల్ వల్ల మీకే కనెక్షన్ తెగిపోతే, కొద్ది నిమిషాల్లో రూటర్ మార్పులన్నీ వెనక్కి తీసుకుంటుంది. పని సరిగా అయిందని తేలాక మళ్లీ అదే బటన్ నొక్కి సేఫ్ మోడ్ తీసేయాలి. తీయకుండా విన్‌బాక్స్ మూసేస్తే చేసిందంతా పోతుంది.

2. గడియారం సరిచేయండి. “సిస్టమ్”, “క్లాక్”లో టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని ఉండాలి. “సిస్టమ్”, “ఎన్‌టీపీ క్లయింట్”లో “ఎనేబుల్డ్” టిక్ పెట్టి ఒక టైమ్ సర్వర్ ఇవ్వండి. పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ చాలు. కరెంటు పోయి వచ్చాక చాలా చిన్న రూటర్లకు సరైన సమయం గుర్తుండదు. తేదీ తప్పుగా ఉన్న లాగ్ ఫిర్యాదుకు పనికిరాదు.

3. మీ తలుపులు మీరే మూయండి. “ఐపీ”, “సర్వీసెస్” తెరవండి. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, ఏపీఐ, ఏపీఐ-ఎస్ఎస్ఎల్ వాడకపోతే అన్నీ డిసేబుల్ చేయండి. విన్‌బాక్స్ వాడే 8291 పోర్టును ఉంచండి, కానీ “అవైలబుల్ ఫ్రమ్” గడిలో మీ లోపలి నెట్‌వర్క్ మాత్రమే రాయండి. 2018లో ఈ విన్‌బాక్స్ పోర్టులో బయటపడిన లోపంతోనే ప్రపంచమంతటా అప్‌డేట్ చేయని రూటర్లు పెద్ద ఎత్తున హ్యాకర్ల చేతికి చిక్కాయి. కాబట్టి “సిస్టమ్”, “ప్యాకేజెస్”లో “చెక్ ఫర్ అప్‌డేట్స్” కూడా నొక్కండి. అప్‌డేట్ వేస్తే రూటర్ రీస్టార్ట్ అవుతుంది, కాబట్టి ముందు సేఫ్ మోడ్ తీసేయండి, ఆ తర్వాత మళ్లీ పెట్టుకోండి.

ఇక “ఐపీ”, “ఫైర్‌వాల్”, “ఎన్ఏటీ” ట్యాబ్. ఇక్కడ “డీఎస్‌టీ-ఎన్ఏటీ” అని ఉన్న ప్రతి వరుసా బయటి నుంచి లోపలికి మీరు ఇచ్చిన దారి. సీసీ కెమెరా డీవీఆర్‌కు 8000, 37777, 554, రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389, ట్యాలీకి 9000 పోర్టుల్లో ఏవైనా కనిపించవచ్చు. ఒక్కోదాన్నీ చూసి “ఇది ఇవాళ ఎవరికి కావాలి?” అని అడగండి. జవాబు లేని వరుసను డిసేబుల్ చేయండి. రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ చూడాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రమైన దారి) పెట్టుకోండి, అది మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రూటర్ఓఎస్ 7లో ఉంది. డీవీఆర్‌కు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటే ఇప్పుడే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ టెల్‌నెట్ పోర్టులను స్కాన్ చేస్తూ, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో పట్టుకుంది.

4. డబ్ల్యూఏఎన్ జాబితా సరిగ్గా ఉందా? “ఇంటర్‌ఫేసెస్”, “ఇంటర్‌ఫేస్ లిస్ట్” తెరవండి. ఇంటర్నెట్ వచ్చే దారి డబ్ల్యూఏఎన్ పేరు కింద ఉండాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్ అయితే కేబుల్ గుచ్చిన “ఈథర్1” ఒక్కటే సరిపోదు, “పీపీపీఓఈ-అవుట్1” కూడా ఆ జాబితాలో ఉండాలి. ఈ అమరికలో అందరికన్నా ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఇది తప్పితే తర్వాతి రూల్స్ ఎంత బాగా రాసినా కౌంటర్ సున్నా దగ్గరే ఉంటుంది.

5. నమ్మకమైనవారి జాబితా. “ఐపీ”, “ఫైర్‌వాల్”, “అడ్రస్ లిస్ట్స్” ట్యాబ్‌లో ప్లస్ నొక్కి ట్రస్టెడ్ అనే పేరుతో కొన్ని చిరునామాలు చేర్చండి (పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి). మీరు వాడే డీఎన్ఎస్ సర్వర్లు (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చేవి), అంటే 8.8.8.8, 1.1.1.1 లేదా ఆపరేటర్ ఇచ్చినవి, హైదరాబాద్‌లోని మీ హెడ్ ఆఫీసుకో సాఫ్ట్‌వేర్ సంస్థకో స్థిరమైన చిరునామా ఉంటే అది కూడా. దీన్ని దాటవేయవద్దు. స్కాన్ చేసేవాడు తన చిరునామాకు బదులు వేరేవారి చిరునామా వేసి ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపగలడు. 8.8.8.8 పేరుతో నకిలీ స్కాన్ పంపితే, ఈ జాబితా లేని రూటర్ మీ డీఎన్ఎస్‌నే నిషేధిస్తుంది. ఆఫీసులో ఏ సైటూ తెరుచుకోదు, కారణమూ అంతుపట్టదు.

6. గుర్తించే రూల్. ఇది అసలు పని. “ఫిల్టర్ రూల్స్” ట్యాబ్‌లో ప్లస్ నొక్కండి.

- “జనరల్”: చైన్ ఇన్‌పుట్ (రూటర్‌కే వచ్చే ప్యాకెట్లు), ప్రోటోకాల్ టీసీపీ, “ఇన్. ఇంటర్‌ఫేస్ లిస్ట్” డబ్ల్యూఏఎన్.
- “అడ్వాన్స్‌డ్”: “సోర్స్ అడ్రస్ లిస్ట్”లో ట్రస్టెడ్ ఎంచుకుని, పక్కనున్న ఆశ్చర్యార్థక గుర్తు నొక్కండి. ఆ జాబితాలో లేనివారికే రూల్ వర్తించాలని దాని అర్థం.
- “ఎక్స్‌ట్రా”: “పీఎస్‌డీ” (పోర్ట్ స్కాన్‌ను గుర్తించే) భాగం తెరిచి వెయిట్ థ్రెషోల్డ్ 21, డిలే థ్రెషోల్డ్ 3 సెకన్లు, లో పోర్ట్ వెయిట్ 3, హై పోర్ట్ వెయిట్ 1 ఇవ్వండి.
- “యాక్షన్”: “యాడ్ సోర్స్ టు అడ్రస్ లిస్ట్”, జాబితా పేరు స్కానర్స్, టైమౌట్ ఒక రోజు. “లాగ్” టిక్ పెట్టి, “లాగ్ ప్రిఫిక్స్”లో పోర్ట్‌స్కాన్ అని రాయండి.

అంకెల లెక్క ఇది. 1024 కన్నా తక్కువ పోర్టును తట్టితే 3 మార్కులు, పై పోర్టుకు 1. మూడు సెకన్లకు మించని ఎడంతో తడుతూ పోయి 21 మార్కులు చేరితే అది స్కాన్. అంటే ఏడు చిన్న పోర్టులు, లేదా ఇరవై ఒక్క పెద్ద పోర్టులు. ఫోనులో కెమెరా చూసుకునే యజమాని ఒకటి రెండు పోర్టులే వాడతారు కాబట్టి ఇందులో చిక్కుకోరు.

టైమౌట్ రెండు వారాలు పెట్టమని చాలాచోట్ల చెబుతారు. మన దగ్గర ఒక్క రోజు చాలని నా అభిప్రాయం. ఇక్కడి మొబైల్ కంపెనీలు ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతాయి. ఇవాళ స్కాన్ చేసిన చిరునామా రేపు మీ కస్టమర్‌ది కావచ్చు.

7. రూల్‌ను సరైన చోటికి లాగండి. రూటర్ రూల్స్‌ను పై నుంచి కిందికి చదువుతుంది. ఫ్యాక్టరీ అమరికలో ఇన్‌పుట్ చైన్ చివర “డ్రాప్ ఆల్ నాట్ కమింగ్ ఫ్రమ్ ల్యాన్” (ల్యాన్ అంటే మీ లోపలి నెట్‌వర్క్) అనే రూల్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే అనవసరమైన ప్యాకెట్లను అడ్డుకునేది నిజానికి ఇదే. మీ కొత్త రూల్ దీనికి పైన ఉండాలి, కింద ఉంటే ప్యాకెట్ దాని దాకా రాదు. మౌస్‌తో లాగడానికి ముందు జాబితాలో అంకెల గడి మీద నొక్కండి, లేకపోతే లాగడం కుదరదు. ఆ డ్రాప్ రూల్ అసలు కనిపించకపోతే అన్నిటికన్నా ముందు దాన్ని చేర్చాలి: చైన్ ఇన్‌పుట్, “ఇన్. ఇంటర్‌ఫేస్ లిస్ట్” ల్యాన్, పక్కన ఆశ్చర్యార్థక గుర్తు, యాక్షన్ డ్రాప్. దాని పైన, కనెక్షన్ స్టేట్ ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ అయినవాటిని అనుమతించే రూల్ ఉండి తీరాలి.

8. అడ్డుకునే రూల్. “రా” ట్యాబ్‌లో ప్లస్. చైన్ ప్రీరౌటింగ్, “ఇన్. ఇంటర్‌ఫేస్ లిస్ట్” డబ్ల్యూఏఎన్, “సోర్స్ అడ్రస్ లిస్ట్” స్కానర్స్, యాక్షన్ డ్రాప్. ఇక్కడ లాగ్ టిక్ పెట్టవద్దు.

ఫిల్టర్‌లో కాకుండా “రా”లో పెట్టడానికి కారణం ఉంది. డీవీఆర్‌కు ఇచ్చిన పోర్టు ఫార్వర్డ్ ప్యాకెట్లు ఇన్‌పుట్ చైన్‌లోకి రావు, రూటర్ గుండా దాటిపోయేవాటికి ఉన్న ఫార్వర్డ్ చైన్‌కు పోతాయి. “రా” ఆ రెండిటికీ ముందే ఉంటుంది. స్కానర్ అని తేలినవాడికి రూటరూ దొరకదు, డీవీఆరూ దొరకదు. రెండో లాభం లాగ్‌కు: పట్టుబడ్డవాడి తర్వాతి ప్యాకెట్లు ఇక్కడే రాలిపోతాయి కాబట్టి గుర్తించే రూల్ దాకా చేరవు. వేల వరుసలకు బదులు ఒక్కో స్కానర్‌కు ఒకటి రెండు వరుసలే పడతాయి. చదవగలిగే లాగ్ అంటే అదే. ప్రతి డ్రాప్ రూల్‌కూ లాగ్ పెట్టిన రూటర్‌లో కావలసిన వరుసను వెతకడం దాదాపు అసాధ్యం.

9. లాగ్‌ను భద్రమైన చోటికి పంపండి. మామూలుగా లాగ్ రూటర్ మెమరీలో 1,000 వరుసల వరకే ఉంటుంది, కరెంటు పోతే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. “సిస్టమ్”, “లాగింగ్”, “యాక్షన్స్”లో రిమోట్ తెరిచి, ఎప్పుడూ నడిచే ఆఫీసు కంప్యూటర్ చిరునామా ఇవ్వండి. పోర్టు 514. “రూల్స్”లో ప్లస్ నొక్కి టాపిక్ ఫైర్‌వాల్, యాక్షన్ రిమోట్ ఎంచుకోండి. ఆ కంప్యూటర్‌లో ఏదైనా సిస్‌లాగ్ (లాగ్ అందుకుని దాచే) ప్రోగ్రామ్ ఉండాలి, దాని ఫైర్‌వాల్‌లో యూడీపీ 514 అనుమతించాలి. ఇది కుదరకపోతే డిస్క్ ఎంచుకోవచ్చు, కానీ యూఎస్‌బీ సదుపాయం ఉన్న రూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు రాయించండి. లోపలి ఫ్లాష్ మెమరీకి పదేపదే రాస్తే అది అరిగిపోతుంది.

కంపెనీగా నడిచే సంస్థలకు ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి.

పనిచేస్తోందో లేదో చూడటం

ల్యాప్‌టాప్‌ను ఆఫీసు వైఫై నుంచి తీసి ఫోను హాట్‌స్పాట్‌కు కలపండి. జెన్‌మ్యాప్ (పోర్ట్ స్కాన్ చేసే ప్రోగ్రామ్) తెరిచి, టార్గెట్‌లో మీ పబ్లిక్ చిరునామా ఇచ్చి, “ఇంటెన్స్ స్కాన్, నో పింగ్” ఎంచుకోండి. మీ సొంత చిరునామాను మాత్రమే స్కాన్ చేయాలి. పక్కవారిదో, కాలేజీదో, ప్రభుత్వ ఆఫీసుదో సరదాకు స్కాన్ చేస్తే చట్టపరమైన చిక్కుల్లో పడతారు.

ఇప్పుడు నాలుగు చోట్ల చూడండి. ఫిల్టర్ రూల్స్‌లో కొత్త రూల్ పక్కన ప్యాకెట్ల కౌంటర్ కదలాలి. అడ్రస్ లిస్ట్స్‌లో స్కానర్స్ పేరుతో, పక్కన డి అక్షరంతో, ఫోను కంపెనీ చిరునామా చేరాలి. లాగ్‌లో పోర్ట్‌స్కాన్ వరుస పడాలి. జెన్‌మ్యాప్‌లో పోర్టులు “ఫిల్టర్డ్” అని రావాలి. “ఓపెన్” అని ఏదైనా వస్తే మూడో అడుగుకు తిరిగి వెళ్లండి. ఒకసారి పట్టుబడ్డాక మీ స్కాన్ మొత్తం అడ్డుపడుతుంది కాబట్టి, ఏవి తెరిచి ఉన్నాయో నిజంగా తెలియాలంటే “రా” రూల్‌ను కాసేపు డిసేబుల్ చేసి ఇంకోసారి స్కాన్ చేయాలి. తర్వాత మళ్లీ ఎనేబుల్ చేయడం మరవద్దు.

పరీక్ష అయ్యాక ఆ చిరునామాను జాబితా నుంచి తొలగించండి, లేకపోతే యజమాని ఫోనులో కెమెరాలు రేపటిదాకా రాకపోవచ్చు. ఆఖరున సేఫ్ మోడ్ తీయండి.

కౌంటర్ సున్నా దగ్గరే ఉంటే ఈ వరుసలో వెతకండి: పబ్లిక్ చిరునామా ఉందా, పీపీపీఓఈ డబ్ల్యూఏఎన్ జాబితాలో ఉందా, రూల్ డ్రాప్‌కు పైన ఉందా, ల్యాప్‌టాప్ నిజంగా హాట్‌స్పాట్ మీదే ఉందా.

ఈ పద్ధతికి దొరకనివి రెండున్నాయి. పావు నిమిషానికో పోర్టు చొప్పున నెమ్మదిగా తట్టే స్కాన్ 3 సెకన్ల లెక్కలోకి రాదు. డిలే పెంచితే దొరుకుతుందనిపిస్తుంది, కానీ అమాయకులు కూడా చిక్కుతారు, నేనైతే పెంచను. రెండోది ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ చిరునామాలు. పై రూల్స్ ఐపీవీ4కే. “ఐపీవీ6”, “ఫైర్‌వాల్”లో చివరి డ్రాప్ రూల్ ఉందో లేదో చూడండి. ఐపీవీ6 వాడకపోతే ఆపేయండి.

లాగ్ చదవడం

వరుసలో బాణం గుర్తుకు ముందున్నది వచ్చినవారి చిరునామా, తర్వాతిది మీది, చివర రెండు చుక్కల గుర్తు (:) తర్వాతి అంకె వారు తట్టిన పోర్టు. 203.0.113.25:51000 నుంచి మీ చిరునామా:23కు అని ఉంటే, అతను మీ టెల్‌నెట్ కోసం వచ్చాడన్నమాట. షోడాన్, సెన్సిస్ వంటి సంస్థలు ఇంటర్నెట్ మొత్తాన్ని నిత్యం స్కాన్ చేస్తాయి కాబట్టి రోజూ కొత్త చిరునామాలు పడటం మామూలే. ప్రతిదానికీ కంగారు పడవద్దు. ఒకే చిరునామా రోజుల తరబడి మీరు తెరిచి ఉంచిన పోర్టు చుట్టూనే తిరుగుతుంటే పట్టించుకోండి. నష్టం జరిగిందని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, లాగ్ ఫైలు నకలు దగ్గర పెట్టుకోండి.

మైక్రోటిక్ లేనివారికి

విండోస్ ఫైర్‌వాల్ స్కాన్‌ను తనంతట తాను గుర్తించి నిషేధించదు. అయితే అనుమతి లేని ప్యాకెట్లను అడ్డుకుంటుంది, అడిగితే రాసిపెడుతుంది. “విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ” తెరిచి “ప్రాపర్టీస్”కు వెళ్లండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడు ట్యాబ్‌లలోనూ ఇన్‌బౌండ్ “బ్లాక్” అని ఉండాలి. “లాగింగ్” పక్కన “కస్టమైజ్” నొక్కి, సైజును 4,096 నుంచి 32,767 కేబీకి పెంచి, “లాగ్ డ్రాప్డ్ ప్యాకెట్స్”కు “ఎస్” ఇవ్వండి. ఒక్క ట్యాబ్‌లోనే పెట్టి ఊరుకునేవారు చాలామంది, మూడిట్లోనూ పెట్టాలి. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, లాగ్‌ఫైల్స్, ఫైర్‌వాల్ ఫోల్డర్‌లో ఫైలు తయారవుతుంది. దాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని చదవండి. ఒకే చిరునామా నుంచి పోర్టు మారుతూ “డ్రాప్” వరుసలు పడితే అది స్కాన్. 1900, 5353, 5355, 137 పోర్టుల వరుసలు పక్కనున్న టీవీలు, ప్రింటర్లు, కంప్యూటర్లు చేసే సందడి, వాటిని వదిలేయండి.

లోపలి నుంచి బయటికి పోయే స్కాన్

దీన్ని ఎవరూ అడగరు, కానీ పెట్టుకోమని గట్టిగా చెబుతాను. 2017 మేలో వాన్నాక్రై వైరస్ 445 పోర్టును వెతుక్కుంటూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. అది ఒకే పోర్టును చాలా చిరునామాల్లో తట్టే రకం కాబట్టి పై పీఎస్‌డీ లెక్కకు అందదు. ఫిల్టర్ రూల్స్‌లో ఇంకో రూల్ చేర్చండి: చైన్ ఫార్వర్డ్, ప్రోటోకాల్ టీసీపీ, డెస్టినేషన్ పోర్టు 23,139,445, ఇన్ జాబితా ల్యాన్, అవుట్ జాబితా డబ్ల్యూఏఎన్, యాక్షన్ డ్రాప్, లాగ్ టిక్, ప్రిఫిక్స్ లోపలి అని ఇంగ్లీషు అక్షరాల్లో. దాన్ని ఫార్వర్డ్ రూల్స్‌లో అన్నిటికన్నా పైకి లాగండి. మామూలు ఆఫీసులో ఈ పోర్టులతో ఇంటర్నెట్‌కు పోవాల్సిన పని ఏదీ ఉండదు. ఈ ప్రిఫిక్స్‌తో ఒకే కంప్యూటర్ నుంచి వరుసలు వరదలా పడితే ముందు దాని నెట్ కేబుల్ పీకండి, పెన్‌డ్రైవ్‌లు అందులోంచి ఇంకోదానికి మార్చడం ఆపించండి, ఆ తర్వాతే యాంటీవైరస్ స్కాన్ మొదలుపెట్టండి.